వగైరా ఖర్చులు

కిందటి ఎండాకాలంలో మేనమామ ఇంటికి చందుర్తి వెళ్ళాను. వేములవాడ నుంచి రుద్రంగి మీదుగా కోరుట్లకు పోయే దారిలో ఉంటుంది ఆ ఊరు. 2016 దాకా కరీంనగర్ జిల్లా, ఆ తర్వాత రాజన్న సిరిసిల్ల జిల్లా. జిల్లా పేరు మారిందే గాని ఊరి తీరు మారలేదు. చాలా ఇళ్ళలో ఒక మనిషి గల్ఫులో ఉంటాడు, లేదా గల్ఫు నుంచి ఉత్త చేతులతో వచ్చి ఉంటాడు.

మామ ఇంటికి రెండిళ్ళ అవతల ఒక స్లాబు ఇల్లుంది. దాని తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. ఇంటి పెద్దాయన నన్ను చూసి అరుగు దిగి వచ్చాడు.

"బిడ్డా, నువ్వు కతలు రాస్తవట గద. గీ కాయిదంల ఏమున్నదో జెర సదివి చెప్పు."

చదివాను. తెలుగులోనే ఉంది. కాని అట్లాంటి తెలుగును నేను ఏ గ్రాంథిక ప్రబంధంలోనూ చూడలేదు. కాగితమంతా కలిపి ఒకటే వాక్యం. కర్త మొదటి పంక్తిలో కనిపించి మాయమవుతాడు, క్రియ చిట్టచివర సంతకానికి పైన తేలుతుంది. మధ్యలో చట్టాలు, నిబంధనలు, తేదీలు, ఇంటి నాలుగు హద్దులు. బ్యాంకు ఆ ఇంటిని స్వాధీనం చేసుకున్నదనీ, ప్రజలెవరూ ఆ ఆస్తితో లావాదేవీలు జరపరాదనీ దాని సారాంశం. బాకీ ఆరు లక్షల నలభై వేల చిల్లర. ఆ అంకె పక్కనే "మరియు తదుపరి వడ్డీ, ఖర్చులు, చార్జీలు వగైరా" అని ఉంది.

నేను వీలైనంత మెత్తగా చెప్పాను. ఆయనకు అంతా ముందే తెలుసు. కొడుకు దుబాయి నుంచి తిరిగొచ్చాక కిస్తులు ఆగిపోయాయి, ముందు ఒక నోటీసు వచ్చింది, ఇప్పుడిది. కోడలు చుట్టే బీడీల పైసలతో ఇల్లు గడుస్తున్నది. సగం సొమ్ము సర్దుతానని అల్లుడు మాటిచ్చాడు, మిగతా సగం తాను చూసుకోవాలి. కనుక ఆయన అడిగింది ఒక్కటే.

"ఆరు లచ్చల నలబై వేలు సరే. ఈ వగైర అంటే ఎంత?"

నాకు జవాబు తెలియలేదు. వగైరా అనే మాటను నా కథల్లో ఎన్నిసార్లు వాడి ఉంటానో! అరబ్బీలో పుట్టి, ఉర్దూ మీదుగా మన కచేరీ కాగితాల్లోకి వచ్చిన మాట అది. రచయిత బద్ధకించిన చోట పనికొస్తుంది. దానికి ధర ఉంటుందని, ఆ ధర కట్టలేక ఇల్లు పోవచ్చునని నాకు అంతవరకూ తట్టలేదు. హైదరాబాదు తిరిగొచ్చాక చట్టం తీసి చదివాను. చదివిన కొద్దీ కోపం వచ్చింది. ఈ టపా ఆ కోపంతో రాస్తున్నది, మిత్రులు మన్నించాలి.

ఆ చట్టాన్ని వ్యవహారంలో సర్ఫేసీ అంటారు. 2002లో వచ్చింది. అంతకుముందు తాకట్టు పెట్టుకున్న బ్యాంకు సొమ్ము రాకపోతే న్యాయస్థానానికి పోయి దావా వేయాల్సిందే. మొదట ప్రాథమిక డిక్రీ, సొమ్ము కట్టడానికి ఆరు నెలల దాకా గడువు, ఆ తర్వాత తుది డిక్రీ, దాని మీద అమలు పిటిషను, ఆపైన వేలం. ఇది ఏళ్ళ తరబడి సాగేది, నిజమే. 1993లో ఋణ వసూలు ట్రిబ్యునళ్ళు పెట్టినా వేగం చాలలేదని, 2002 చట్టం న్యాయస్థానం గడప తొక్కకుండానే ఆస్తిని పట్టుకుని అమ్ముకునే అధికారాన్ని బ్యాంకు చేతికిచ్చింది.

మెట్లున్నాయి, లేకపోలేదు. తొంభై రోజులకు మించి కిస్తు రాకపోతే ఖాతాను మొండి బాకీల్లో చేరుస్తారు. అప్పుడు పదమూడో సెక్షను కింద అరవై రోజుల నోటీసు. దానికి ఋణగ్రహీత అభ్యంతరం రాస్తే బ్యాంకు పదిహేను రోజుల్లో జవాబివ్వాలి. అరవై రోజులు దాటితే స్వాధీన ప్రకటన తలుపుకు అంటించి, ఏడు రోజుల్లోగా రెండు పత్రికల్లో వేయించాలి, అందులో ఒకటి స్థానిక భాషా పత్రిక. ఇది కాగితం మీది స్వాధీనం. మనుషుల్ని బయటికి పంపి తాళం వేయాలంటే, ఇంట్లోవాళ్ళు ఒప్పుకోనప్పుడు, కలెక్టరుకో చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేటుకో దరఖాస్తు పెట్టుకోవాలి. వారు తమ కింది అధికారినో ఒక న్యాయవాదినో పంపుతారు, పోలీసులు వెంట వస్తారు. తర్వాత విలువ కట్టించి, కనీస ధర నిర్ణయించి, ముప్ఫై రోజుల గడువిచ్చి వేలం వేస్తారు.

ఈ మెట్లలో ప్రతి ఒక్కదానికీ ఒక రశీదుంటుంది. నోటీసు రాసిన వకీలు ఫీజు, తపాలా ఖర్చు, రెండు పత్రికల ప్రకటన ఖర్చు, విలువ కట్టినవాడి రుసుము, పంచనామా, కొత్త తాళం, కాపలా మనిషి జీతం, అవసరమనుకుంటే ఆ ఇంటికి బీమా, వేలం నడిపే వెబ్‌సైటుకు రుసుము, మధ్యలో వసూలు ఏజెన్సీ ఉంటే దాని కమీషను. ఇదంతా కలిసి వగైరా. ఇదంతా ఎవరి ఖాతాలో పడుతుంది? పెద్దాయన ఖాతాలో. తన తలుపుకు తాళం వేసినందుకు ఆ తాళం ధర కూడా ఆయనే ఇచ్చుకోవాలి.

"బాకీ ఎగవేసినవాడు ఖర్చు భరించక ఇంకెవరు భరిస్తారు?" అని మీలో కొందరు అడుగుతారు. నేనూ దాన్ని కాదనను. నా కోపం ఖర్చు మీద కాదు, ఆ ఖర్చును లెక్కగట్టేది ఎవరన్న దాని మీద. పదమూడో సెక్షను ఏడో ఉపవిభాగం చూడండి. ఏయే ఖర్చులు సక్రమంగా పెట్టారన్నది అప్పిచ్చినవారి అభిప్రాయం మీద ఆధారపడి ఉంటుందని, ఆ అభిప్రాయం ప్రకారం సరైనవన్నీ ఋణగ్రహీత నుంచి రాబట్టుకోవచ్చునని అక్కడ స్పష్టంగా రాసి ఉంది. అభిప్రాయం! వడ్డించేవాడూ, తినేవాడూ, బాగుందని చెప్పేవాడూ ఒకడే, విస్తరి డబ్బులు మాత్రం బయట నిలబడ్డవాడివి.

మన పాత సివిల్ ప్రొసీజర్ కోడ్ 1908 నాటిది, తెల్లదొరల కాలానిది. అందులో తాకట్టు దావాల గురించి ముప్ఫై నాలుగో ఆర్డరుంది. అక్కడ కూడా అప్పిచ్చినవాడి ఖర్చులను అసలుకు కలుపుతారు. కాని అవి సక్రమమైనవా కావా అని చూసేది న్యాయమూర్తి. అప్పిచ్చినవాడి నడత బాగాలేకపోతే దావా ఖర్చులు ఇవ్వకుండా నిరాకరించనూ వచ్చు. పరాయి దొరలు న్యాయమూర్తికి అప్పజెప్పిన పనిని, స్వతంత్ర భారత శాసనసభ తొంభై నాలుగేళ్ళ తర్వాత బాకీదారుని ఎదుటి పక్షానికి అప్పజెప్పింది. దీన్ని సంస్కరణ అన్నారు.

పెద్దాయన ప్రశ్న ఇక్కడే ప్రాణం పోసుకుంటుంది. ఇంటిని విడిపించుకునే హక్కు ఆయనకు ఇంకా ఉంది. అయితే 2016లో ఆ హక్కును కుదించారు. అంతకుముందు వేలం జరిగేదాకా, ఆ మాటకొస్తే అమ్మకం పూర్తయ్యేదాకా సొమ్ము కట్టి విడిపించుకోవచ్చునని వాదించే వీలుండేది. సవరణ తర్వాత వేలం ప్రకటన వెలువడే లోపలే కట్టాలి. 2023లో సుప్రీంకోర్టు ఆ గీతను ఖాయం చేసింది. కట్టాల్సింది బాకీ ఒక్కటే కాదు, "ఖర్చులు, చార్జీలు" అన్నీ కలిపి. అంటే ఆ వగైరా ఎంతో తెలియకుండా ఇల్లు విడిపించుకోవడానికి ఎంత కావాలో తెలియదు. ఎంత కావాలో తెలియనివాడు అల్లుణ్ణి ఎంత అడగాలి? బీడీల కంపెనీ నుంచి కోడలు ఎంత బయానా తేవాలి? బ్యాంకుకు వెళ్ళి అడిగితే "సిస్టంల చూడాలె, మల్ల రా" అన్నారట. ఆయన రెండుసార్లు వెళ్ళాడు. ఏ బ్యాంకో రాయను, రాసినందువల్ల ప్రయోజనమూ లేదు. చట్టం చెప్పనిదాన్ని ఆ కౌంటరులోని కుర్రవాడు తనంతట తాను ఎందుకు చెబుతాడు?

ఇది అన్యాయమని తోస్తే పైకి పోవచ్చు. పదిహేడో సెక్షను కింద నలభై అయిదు రోజుల్లో ఋణ వసూలు ట్రిబ్యునలుకు దరఖాస్తు పెట్టుకోవాలి. పది లక్షల లోపు బాకీకి లక్షకు అయిదు వందల చొప్పున రుసుము, లక్షలో భాగమైనా పూర్తి లక్ష కిందే లెక్క. పెద్దాయన బాకీకి మూడు వేల అయిదు వందలు. అది పెద్ద మొత్తం కాదు, ఒప్పుకుంటాను. కాని ట్రిబ్యునలు ఉన్నది సిరిసిల్లలో కాదు, కరీంనగరులో కాదు, హైదరాబాదులో. పోనూ రానూ మూడు వందల కిలోమీటర్లకు పైమాటే, వకీలు ఫీజు వేరే. అక్కడ ఓడితే అప్పీలు ఎక్కడో తెలుసా? కలకత్తాలో. మన రెండు రాష్ట్రాల ట్రిబ్యునళ్ళ మీద అప్పీళ్ళు వినేది కలకత్తా అప్పిలేటు ట్రిబ్యునలే. ఇప్పుడు వీడియో విచారణలు వచ్చాయి గనక రైలెక్కే పని తప్పవచ్చు, కాని ఆ అప్పీలు వినాలంటే ముందుగా బాకీలో సగం జమ కట్టాలి. ట్రిబ్యునలు దయదలిస్తే పావు వంతు. సగం బాకీ చేతిలో ఉన్నవాడి తలుపు మీద ఆ కాగితం ఎందుకుంటుంది? మొదట్లో ఇంకా ఘోరం. కింది ట్రిబ్యునలుకు పోవడానికే డెబ్బయి అయిదు శాతం జమ కట్టమన్నారు. 2004లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ షరతును కొట్టివేసింది. ఆ కేసు వేసింది మన చందుర్తి రైతు కాదు, ఒక రసాయనాల కంపెనీ. పెద్దవాడు తన కోసం తలుపు తెరిపించుకుంటే దాని సందు లోంచి చిన్నవాడు దూరడం మన న్యాయచరిత్రలో తరచూ జరిగేదే.

ఇదంతా డాలస్‌లో ఉన్న ఒక మిత్రుడితో ఫోనులో అన్నాను. నా చిన్ననాటి స్నేహితుడు, నిర్మొహమాటి.

"ఏరా, బాకీ కట్టనివాడి ఇంటి మీద నీకెందుకురా అంత ప్రేమ? బ్యాంకు సొమ్మంటే మీ అమ్మా మా అమ్మా దాచుకున్న సొమ్ము. మన దేశంలో ఇల్లు జప్తు చేయాలంటే వంద మెట్లు. అందుకే ఎగ్గొట్టేవాళ్ళు ఎక్కువ. ఇక్కడ చూడు, టకీమని అయిపోతుంది" అన్నాడు.

అతని మాటలో మొదటి సగం నిజం. దాచుకున్నవాళ్ళ సొమ్ము వెనక్కి రావాలి, కట్టగలిగీ కట్టనివాడు కట్టి తీరాలి. రెండో సగం గురించి అతని ఊరి సంగతే అతనికి గుర్తు చేశాను. టెక్సాసులో ఇరవై ఒక్క రోజుల నోటీసిచ్చి, ప్రతి నెలా మొదటి మంగళవారం, న్యాయమూర్తి ప్రమేయం లేకుండా ఇళ్ళు వేలం వేస్తారు. 2008 సంక్షోభం తర్వాత ఆ దేశంలో ఈ టకీమనడం ఎంత దాకా వెళ్ళిందంటే, బ్యాంకుల ఉద్యోగులు దస్త్రాలు చదవకుండానే ప్రమాణ పత్రాల మీద కుప్పలు కుప్పలుగా సంతకాలు పెట్టారు. 2012 ఫిబ్రవరిలో అయిదు పెద్ద సంస్థలు నలభై తొమ్మిది రాష్ట్రాలతో 2,500 కోట్ల డాలర్ల రాజీకి రావలసి వచ్చింది. మెట్లు తీసేస్తే త్వరగా దిగవచ్చు, కాని దాన్ని దిగడం అనరు, పడడం అంటారు.

మిత్రుడు నవ్వి, "నీ భాషా చమత్కారాలు ఆపి, బ్యాంకు ఏం చేయాలో చెప్పు" అన్నాడు. ఆ చెప్పవలసింది చివర చెబుతాను. ముందు చిన్న ఋణాల సంగతి ఒకటుంది.

ఈ చట్టం లక్ష రూపాయల లోపు తాకట్టుకు వర్తించదు. వ్యవసాయ భూమికీ వర్తించదు. రెండూ మంచి మినహాయింపులే. కాని ఆ లక్ష 2002 నాటి లక్ష. ఇరవై ఏళ్ళు దాటినా ఆ అంకెను ఎవరూ ముట్టుకోలేదు. అదే ఫైనాన్సు కంపెనీల విషయానికి వస్తే, వాటికి ఈ అధికారం ఇచ్చినప్పుడు పెద్ద ఋణాలకే అని హద్దు గీశారు. దాన్ని తగ్గించుకుంటూ వచ్చి 2021లో ఇరవై లక్షల దగ్గర ఆపారు. అంటే అంతకన్నా చిన్న ఋణం మీద ఈ ఆయుధం వాడడం తగదని సర్కారుకు తెలుసు. మరి ఆరు లక్షల బాకీ ఫైనాన్సు కంపెనీకి చిన్నదైతే, బ్యాంకుకు ఎట్లా పెద్దదవుతుంది?

మినహాయింపుల్లో ఇంకో తమాషా ఉంది. చేతివృత్తివాడి పనిముట్లను జప్తు చేయరాదని మన సివిల్ కోడు అరవయ్యో సెక్షను చెబుతుంది. సిరిసిల్ల నేతన్న సాంచెకు ఈ నీడ దొరుకుతుందేమోనని ఆశపడి చదివాను. సర్ఫేసీ చట్టం ఆ రక్షణను ఒప్పుకుంటూనే, ఋణానికి ప్రత్యేకంగా హామీగా పెట్టిన వాటికి మాత్రం అది లేదంటుంది. హామీ పెట్టకుండా సాంచె కొనుక్కోవడానికి అప్పెవరిస్తారు?

ఇక మెట్లే లేని చోటు గురించి. చందుర్తిలో బ్యాంకు తాకట్టు పెట్టగలిగినవాడు నిజానికి అదృష్టవంతుడు. గ్రామకంఠంలో తాతల నాటి ఇల్లుండి, చేతిలో రిజిస్ట్రీ కాగితం లేనివాణ్ణి బ్యాంకు లోపలికి రానివ్వదు. వాడు వీసా ఖర్చులకు పోయేది మిత్తికిచ్చే ఆసామి దగ్గరికి. మా పెద్దల కాలంలో భూమిని కుదువ పెట్టేవారు. కాగితం మీద కుదువ అనే ఉండేది. అట్లా ఉన్నంత కాలం సొమ్ము కట్టి విడిపించుకునే హక్కుండేది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం అరవయ్యో సెక్షను ఇచ్చిన హక్కది. దాన్ని ఒప్పందం ద్వారా కూడా చంపలేరు. ఇప్పటి ఆసామి తెలివైనవాడు. కుదువ వద్దంటాడు, అమ్మకం రిజిస్ట్రీ చేయమంటాడు. "పైసలిచ్చిన నాడు నీ భూమి నీకే మల్ల జేస్త" అని పదిమందిలో మాటిస్తాడు. ఆ మాట విలువ ఎంతో 1929లోనే తేల్చేశారు. తిరిగి అమ్ముతానన్న షరతు అదే దస్తావేజులో రాసి ఉంటే తప్ప దాన్ని తాకట్టుగా చూడరాదని ఆ యేడు సవరణ చేశారు. ఆ దస్తావేజు ఉత్తుత్తిదనీ, అమలు చేయాలన్న ఉద్దేశం ఇద్దరికీ లేదనీ రుజువు చేసుకునే సన్నని దారిని న్యాయస్థానాలు వదిలాయి. కాని ఆ దారిలో నడవడానికి సాక్షులు, ఏళ్ళు, డబ్బు కావాలి. ఆ మూడూ ఉన్నవాడు ఆసామి దగ్గరికి పోడు.

పొలం విషయంలో ఇది ఎంత దూరం పోతుందో చూడండి. ధరణి వచ్చాక, అంటే 2020 చివరి నుంచి, సాగు భూమి రిజిస్ట్రీ తహసీలు కచేరీలో జరుగుతుంది, అక్కడికక్కడే పట్టా మారుతుంది. ధరణి స్థానంలో 2025లో భూభారతి వచ్చింది. పట్టా మారిన క్షణం నుంచి రైతు భరోసా ఎకరానికి పంటకు ఆరు వేలు ఆసామి ఖాతాలో పడతాయి, దుక్కి దున్నేది పాత రైతే అయినా. ఇంతకన్నా చేదైనది రైతు బీమా. పద్దెనిమిది నుంచి యాభై తొమ్మిదేళ్ళ లోపు పట్టాదారు చనిపోతే కుటుంబానికి అయిదు లక్షలు వచ్చే పథకమది, 2018లో మొదలైంది. అప్పు కోసం పట్టా రాసిచ్చిన రైతు ఆ అప్పు బరువుతోనే చచ్చిపోతే, వాడు రైతు కాదు. వాడి పేరు మీద భూమి లేదు గనక వాడి భార్యకు ఆ అయిదు లక్షలు లేవు. జప్తు అంటే బాకీ తప్పిన తర్వాత జరిగేదని మనం అనుకుంటాం. ఇక్కడ అప్పు పుట్టిన రోజే జరిగిపోయింది. నోటీసు లేదు, అరవై రోజులు లేవు, పత్రికా ప్రకటన లేదు. వగైరా కూడా లేదు, ఎందుకంటే ఖర్చు పెట్టడానికి మెట్టే లేదు. డాలస్ మిత్రుడు కోరుకున్న వేగం మా చందుర్తిలో ఎప్పుడో వచ్చేసింది.

ఈ నేలకు ఇదంతా కొత్తా? 1977లో చిన్న రైతుల, కూలీల, చేతివృత్తులవారి బాకీలను రద్దు చేస్తూ ఆంధ్రప్రదేశ్ శాసనసభ చట్టం చేసింది. ఆ మరుసటి యేడే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించారు. దొరల కింద చిక్కిన భూములూ, దండుగల సొమ్మూ నాటి గొడవల్లో ప్రధానమైనవి. 2016లో తెలంగాణ ఋణ విముక్తి కమిషన్ చట్టం కూడా వచ్చింది. కాగితాలకు కొదువ లేదు మనకు.

ఇప్పుడు మిత్రుడికి బాకీ పడిన జవాబు. నేను బాకీలు మాఫీ చేయమనడం లేదు. బ్యాంకు ఏ ఖర్చు పెట్టినా, పెట్టిన వారంలోపు, దేనికెంతో, రశీదు నకలుతో సహా, చదివితే అర్థమయ్యే తెలుగులో ఋణగ్రహీతకు పంపాలి. పంపనిదాన్ని వసూలు చేసే హక్కు ఉండరాదు. అది సక్రమమా కాదా అన్న అభిప్రాయం బ్యాంకుది కాకూడదు. ఇది అసాధ్యమేమీ కాదు. ఋణం తీరిన ముప్ఫై రోజుల్లో ఇంటి కాగితాలు తిరిగివ్వకపోతే, తప్పు తమదైనప్పుడు, రోజుకు అయిదు వేల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో బ్యాంకుల్ని ఆదేశించింది. అదే యేడాది ఆగస్టులో, ఆలస్యపు జరిమానాను అసలులో కలిపి దాని మీద మళ్ళీ వడ్డీ గుంజరాదని చెప్పింది. అంతదాకా వచ్చిన కలం ఈ వగైరా దగ్గర ఎందుకు ఆగింది?

పెద్దాయన సంగతి. చట్టం చదివాక మళ్ళీ చందుర్తి వెళ్ళాను. అప్పటికి వేలం ప్రకటన ఇంకా వెలువడలేదు. పదమూడో సెక్షను ఏడో ఉపవిభాగం కింద ఈనాటి వరకు నా ఖాతాలో రాసిన ఖర్చుల వివరాలు, రశీదుల నకళ్ళు ఇప్పించగలరని, ఈ రోజు దాకా మొత్తం ఎంత కడితే ఇల్లు విడుదలవుతుందో ఒకే అంకెలో తెలుపగలరని, ఆయన పేరున ఒక ఉత్తరం రాశాను. నా జీవితంలో నేను రాసిన అతి చిన్న వాక్యాలు అవే అనుకుంటాను. ఆయన వేలిముద్ర వేయబోయి, ఆగి, కూడబలుక్కుని సంతకం పెట్టాడు. ఇద్దరం పోస్టాఫీసుకు వెళ్ళి స్పీడు పోస్టు చేశాం. రశీదును మడిచి బనీను జేబులో పెట్టుకుంటూ అడిగాడు.

"ఈ పోస్టు పైసలు గూడ ఆ వగైరలనే రాస్తరా, బిడ్డా?"